‘నీళ్లు’ అన్నారు, నీలం గుడ్డ తెచ్చాం

అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇచ్చాడంటే అవధాని చేతికి కనీసం ఒక పూర్తి పాదం వస్తుంది, ఛందస్సు కూడా దాంతోపాటే తేలిపోతుంది. ఆర్ట్ క్విల్ట్, అంటే గోడకు వేలాడదీసే కళాత్మక బొంత, కుట్టేవారికి ఆ అదృష్టం లేదు. పోటీలో ప్రాంప్ట్ పేరుతో వారికి ఒకే ఒక్క మాట ఇస్తారు: ‘నీళ్లు’. కొలత 20 అంగుళాలకు 20 అంగుళాలు. గడువు రెండు నెలలు. మిగతాదంతా మీ సృజన. అప్రస్తుత ప్రసంగం బాధ్యతను మాత్రం ఇంట్లోవాళ్లు స్వచ్ఛందంగా తీసుకుంటారు: “ఇంత చిన్న బొంత ఎవరికి సరిపోతుందే?”

పాపం, వాళ్లకు తెలియదు. ఎవరూ కప్పుకోలేకపోవడమే ఆర్ట్ క్విల్ట్‌కు మొదటి అర్హత. ఈ హోదా ఊరికే రాలేదు. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికా పాత బొంతల్ని చిత్రపటాల్లా గోడలకు వేలాడదీసింది. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్‌లో క్విల్ట్ నేషనల్ ప్రదర్శన మొదలైంది, అదీ ఒకప్పటి పాడిపశువుల కొట్టంలో. అలబామాలోని జీస్ బెండ్ నల్లజాతి మహిళలు చలికి ఆగలేక అరిగిన పనిబట్టలతో కుట్టుకున్న బొంతలు 2006లో అమెరికా తపాలా బిళ్లలకెక్కాయి. మన అమ్మమ్మలు నాలుగు పాత చీరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, బారెడు దారంతో కుట్టిన బొంతలు మాత్రం మంచం దిగలేదు. కారణం సుస్పష్టం. వాళ్లెవరూ తమ కళకు అర్థం చెప్పే స్టేట్‌మెంట్ రాయలేదు.

కాబట్టి ముందు స్టేట్‌మెంట్, తర్వాతే గుడ్డ. నూరు మాటలు దాటకూడదు. ‘ప్రవాహం’, ‘జ్ఞాపకం’, ‘అస్తిత్వం’ తప్పనిసరి. ఇది దగ్గరుంటే గుడ్డ మీద జరగబోయే ప్రతి అపచారానికీ ముందస్తు బెయిలు దొరికినట్టే.

ఇక రంగు. నీళ్లంటే నీలం, ఇందులో చర్చకు తావులేదు. వరదలో గోదావరి ఏ రంగులో వస్తుందో అందరం చూసినవాళ్లమే. అయినా ఎర్రమట్టి రంగు గుడ్డతో నదిని కుడితే న్యాయనిర్ణేతలు దాన్ని పొలం అనుకుంటారు. నీలం, లేతనీలం, ముదురునీలం పట్టీలు 16 కోసి పక్కపక్కన అతకండి. అతుకుకు పావు అంగుళం వదలాలన్నది నియమం. 16 పట్టీలకు 15 అతుకులు. అతుక్కి రెండువైపులా వీసం చొప్పున, అంటే అంగుళంలో పదహారో వంతు, ఎక్కువ మింగిందనుకోండి, 15 అతుకులు కలిసి దాదాపు రెండు అంగుళాలు మాయం చేస్తాయి. 20 అంగుళాల సముద్రం 18 అంగుళాల చెరువవుతుంది. పైగా పైగుడ్డ, దూది, అడుగుగుడ్డ పొరలు కలిపి కుట్టినప్పుడు గుడ్డ ఇంకా లాగేస్తుంది కనుక పైగుడ్డను 22 అంగుళాలకు తయారుచేయడం, చివర్లో కొలతకు కత్తిరించడం తెలివైన పని. ‘కుంచించుకుపోతున్న జలవనరులు’ అని రాసుకోవచ్చు కానీ, నిర్వాహకులు టేపు పట్టుకుని వస్తారు.

మధ్యలో పాత పట్టుచీర ముక్క వేయాలన్న కోరిక అందరికీ పుడుతుంది. వేయండి. కాకపోతే మడతల దగ్గర పోగులు అప్పటికే చిట్లి ఉంటాయి, కోసిన అంచు నుంచి దారాలు ఊడుతూనే ఉంటాయి. కోయకముందే వెనక పల్చటి పేస్టింగ్, అంటే ఒకవైపు జిగురున్న గుడ్డ, ఇస్త్రీతో అంటించాలి, మధ్యలో ఓ పలుచటి నూలుగుడ్డ అడ్డం పెట్టి. అడ్డం లేకుండా వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ప్లాస్టిక్ జరీ ముడుచుకుపోతుంది. పేస్టింగ్ తిరగేసి పెడితే జిగురు ఇస్త్రీపెట్టెకు అంటుకుని, రేపు ఎవరి తెల్లచొక్కా మీదో ప్రదర్శనకు వస్తుంది.

రెండువైపులా జిగురున్న పేస్టింగ్‌తో చేపో, అక్షరమో అంటించేవారు ఇంకో సంగతి గమనించాలి. బొమ్మను దాని కాగితం మీద గీసి గుడ్డ తిరగవైపు అంటిస్తాం కనుక, కోసి తిప్పేసరికి ఎడమ కుడవుతుంది. ‘నీళ్లు’ అని తిన్నగా గీసినవారికి అద్దంలో కనిపించే ‘నీళ్లు’ దక్కుతుంది. దీనికి మాత్రం స్టేట్‌మెంట్‌లో బంగారం లాంటి మాట సిద్ధంగా ఉంది: ప్రతిబింబం.

అసలు యుద్ధం మిషన్ మీద. అడుగుగుడ్డ, దూదిపొర రెండూ పైగుడ్డ కన్నా అన్నివైపులా ఓ అంగుళం పెద్దవిగా ఉండాలి. అడుగుగుడ్డను బల్లకు టేపుతో బిగించి, పైన దూదిపొర, ఆపైన పైగుడ్డ పరిచి, బెత్తెడుకొక పిన్నీసు పెట్టాలి. నడుమ నుంచి బయటికి కుట్టుకుంటూ రావాలి. నాలుగు అంచుల నుంచి లోపలికి వస్తే మిగులు గుడ్డంతా మధ్యలో చేరి కుచ్చెళ్లు పడుతుంది. అలలు చేత్తో తిప్పుతూ కుట్టాలంటే మిషన్ పాదం మార్చి, గుడ్డను నెట్టే పళ్లను దించాలి. ఇక కుట్టు పొడవు మన చేతుల్లోనే ఉంటుంది. చెయ్యి వేగంగా, మిషన్ నిదానంగా నడిస్తే బారెడు కుట్లు. వంపు దగ్గర చెయ్యి జోరు చూపిస్తే పైదారం వెనక్కి లాక్కుపోయి కనురెప్పల వెంట్రుకల్లా నిలబడుతుంది.

వెనక దారం గూడు కట్టిందంటే లోకమంతా కింది దారం చుట్టిన బాబిన్‌ని తిడుతుంది. బాబిన్ నిర్దోషి. పాదం దించి ఉండగా పైదారం ఎక్కిస్తే బిగింపు బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు వెళ్లదు, పట్టులేని పైదారమంతా కిందికి జారి ఉండ కడుతుంది. పాదం ఎత్తి, దారం మొత్తం తీసి, మళ్లీ ఎక్కించండి. బాబిన్ కేసు స్క్రూ జోలికి వెళ్లకండి. ఈ గూడును ‘నీటి అడుగున నాచు’ అని వర్ణించవచ్చు. అది మిషన్ షటిల్లో ఇరుక్కుంటే మాత్రం వర్ణన పనిచేయదు.

నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా కుట్టినవారి క్విల్ట్ వేయించిన అప్పడంలా అంచులు లేపుతుంది. మందు ఉంది: తడిపి, చదునైన థర్మాకోల్ షీట్ మీద లాగి పిన్నులు గుచ్చి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. సరిగ్గా ఇక్కడే ఎగువన కుట్టిన ముదురు ఎరుపు గుడ్డ దిగువనున్న తెల్లగుడ్డకు తన వాటా వదులుతుంది. కృష్ణా జలాల మీద ఇంతకన్నా సూటి కళాఖండం వెతికినా దొరకదు. తేడా అల్లా, ఇక్కడ ఏ ట్రిబ్యునల్‌కు వెళ్లినా వదిలిన రంగు వెనక్కి రాదు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందనే సలహా తరతరాలుగా ఉంది. వదలదలుచుకున్న రంగు ఉప్పుకు భయపడదు. కోయకముందే తడి తెల్లగుడ్డ ముక్కను దానిమీద పెట్టి ఇస్త్రీ చేసి చూడటమే పరీక్ష. మరక పడితే, ఉతికిన నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకాలి, లేదా ఆ గుడ్డను వేరే జిల్లాకు బదిలీ చేయాలి.

అంచు మడిచాక అందరూ మరిచేది వెనక గొట్టం. 9 అంగుళాల వెడల్పు పట్టీని మడిచి కుట్టి, 4 అంగుళాల గొట్టంగా వెనక పైభాగాన చేతికుట్టుతో కుట్టాలి. గోడకు వేలాడదీసే కర్ర దూరేందుకు కాస్త వదులు ఉండాలి, లేకపోతే ముందువైపు కర్ర ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. కుట్టు అడుగుగుడ్డకూ దూదికీ మాత్రమే పట్టాలి.

మిగిలిన నీలం ముక్కలు పారేయకండి. తర్వాతి ప్రాంప్ట్ ‘నిప్పు’ అని వచ్చినా గ్యాస్ మంట రంగు నీలమే.