డాక్టర్ మారితే గొడవ లేదు, గతం మారిస్తేనే!

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన ఓ టీ కొట్టు. రాత్రి తొమ్మిది దాటింది. మా పిన్ని కొడుకూ వాడి స్నేహితులిద్దరూ గొంతులు పెంచి వాదించుకుంటున్నారు. రాజకీయాలేమో అనుకుని దగ్గరికెళ్తే, సంగతి ‘డాక్టర్ హూ’ అనే ఇంగ్లీషు టీవీ సీరియల్. “అదెట్టన్నా? యాభై ఆరేళ్లుగా హార్ట్‌నెలే మొదటి డాక్టరని చెప్పి, ఇప్పుడు కాదంటే ఒప్పుకోవాలా?” అని నన్ను పంచాయతీలోకి లాగాడు మావాడు. టీ పోస్తున్నాయన, “ఏ డాక్టరు అబ్బయ్యా, ఫీజు ఎక్కువ తీసుకుంటాడా?” అన్నాడు.

1963 నవంబరు 23న, అంటే కెనెడీ హత్యకు గురైన మర్నాడు, బీబీసీలో మొదలైన సీరియల్ ఇది. మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్ మన లక్నోలో పుట్టినవాడు. బ్రిటన్‌లో ఒకప్పుడు వీధి పక్కన ఉండే పోలీసు ఫోన్ పెట్టెలా కనబడే ఓడలో కాలాల మధ్య తిరిగే, ‘డాక్టర్’ అనే గ్రహాంతరవాసి కథ. 1966లో హీరో విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింటే, రచయితలు ఓ ఉపాయం పట్టారు. చావు దగ్గరపడితే డాక్టర్ ఒళ్లు మార్చుకుంటాడు! అలా ప్యాట్రిక్ ట్రౌటన్ వచ్చాడు. 1989లో ఆగిపోయి, మధ్యలో 1996లో ఒక్క టీవీ సినిమాగా కనిపించి, 2005లో మళ్లీ లేచింది. 2018 నుంచి కొన్నేళ్లు నటి జోడీ విట్టేకర్ డాక్టరైంది.

మొహాలు మార్చడం మనకేం కొత్త కాదు. తెలుగు డైలీ సీరియల్లో ‘ఈ పాత్రలో ఇకపై ఫలానా’ అని ఓ ముక్క వేస్తారు, కథ సాగిపోతుంది. మా అత్తయ్య వారం రోజులు “పాత కోడలే బావుండింది” అని సణిగి, ఎనిమిదో రోజు కొత్త కోడలి తరఫున ఏడుస్తుంది. డాక్టర్ హూ అభిమానులూ అంతే. మార్పుకి వాళ్లెప్పుడో అలవాటుపడ్డారు. అసలు గొడవ 2020లో వచ్చిన ఓ ఎపిసోడ్‌తో. హార్ట్‌నెల్ మొదటి డాక్టర్ కాదు, అంతకుముందు ఎన్నో జన్మలున్నాయి, ఆ జ్ఞాపకాలు చెరిపేశారు అని చెప్పింది ఆ కథ.

బయటివాళ్లకిది నవ్వులాట. నాకు మాత్రం మావాడి కోపంలో న్యాయం కనిపించింది. ఎందుకో చెప్పాలంటే ఈ ఊరి కథే చెప్పాలి.

నన్నయ మహాభారతం అరణ్యపర్వం మధ్యలో, శరత్కాలపు రాత్రుల పద్యం దగ్గర ఆగిపోయింది. తర్వాత కలం పట్టిన తిక్కన ఇక్కడివాడే, నెల్లూరు ఏలిన మనుమసిద్ధి కొలువులో మంత్రి. ఆయన ఆ సగం పర్వాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఎందుకు ముట్టుకోలేదన్నదానికి రకరకాల కథలు చెబుతారు, వాటి సంగతి వదిలేద్దాం. ఆ ఖాళీని 14వ శతాబ్దంలో పూరించినవాడు ఎర్రన, మన గుడ్లూరు వైపు వాడని చెబుతారు. నన్నయ శరత్తు రాత్రి దగ్గర వదిలితే, ఈయన శరత్తు ఉదయంతో అందుకున్నాడు. పైగా తన భాగాన్ని మూడొందల ఏళ్ల కిందటి రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. చేయి మారింది, ముందువాడు రాసింది మాత్రం చెక్కుచెదరలేదు. ఎర్రన గనక ‘నన్నయ చెప్పిన ధర్మరాజు అసలు ధర్మరాజే కాదు’ అని మొదలుపెట్టి ఉంటే, మనవాళ్లు ఊరుకునేవాళ్లా?

అభిమానుల లెక్కలో తేడా ఇక్కడే ఉంది. ఒళ్లు మార్చుకోవడం పన్నెండుసార్లేనని 1976లో ఓ కథ నియమం పెట్టింది. 2013లో ఆ కోటా అయిపోతే, కథలోనే వరంలా మరిన్ని జన్మలు ఇప్పించారు. దానికి ఇంత గోల జరగలేదు. అది ముందుకి దారి తెరవడం. 2020లో చేసింది వెనక్కెళ్లి పునాది తవ్వడం. అయితే ఒకటి. ఆ ఎపిసోడ్‌ని తిట్టినవాళ్లలో కొందరి బాధ ఆడమనిషి డాక్టర్ కావడమే. దాన్ని నేరుగా చెప్పలేక ‘కథ పొంతన’ అనే ముసుగు కప్పుకున్నారు. వాళ్లని మావాడి పక్కన నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

గతం మీద అభిమానులకి ఇంత పట్టింపు ఎందుకంటే, దాన్ని కాపాడిన చేతుల్లో వాళ్లవీ ఉన్నాయి. ఇక పనికిరావనుకుని 1960ల నాటి ఎపిసోడ్ల టేపుల్ని బీబీసీ తుడిచేసింది. ఇంకా తొంభైకి పైగా ఎపిసోడ్ల బొమ్మ దొరకలేదు. 2013లో నైజీరియాలోని జాస్ పట్టణంలో దొరికినవాటిలో తొమ్మిది ఎపిసోడ్లు అంతవరకూ పోయాయనుకున్నవే. కానీ పోయినవాటన్నిటికీ శబ్దం ఉంది. ఆ రోజుల్లో టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టుకుని, ఇంట్లోవాళ్లని నోరు మూసుకోమని బతిమాలుతూ రికార్డు చేసుకున్న కుర్రాళ్ల పుణ్యమది. ఇప్పుడు వాటికే యానిమేషన్ బొమ్మలు కడుతున్నారు.

కొట్టు కట్టేసే వేళకి మావాడి ఫోన్లో అలాంటిదే ఒకటి మోగుతోంది. గరగరమంటూ ఇంగ్లీషు మాటలు. టీ కొట్టాయన తొంగిచూసి, “బొమ్మేదబ్బా?” అన్నాడు.

“చెరిపేశారన్నా.”

“మరింతసేపూ ఏం చూస్తా ఉండారు మీరు?” అని షట్టర్ సగం దించి, తనూ చెవి ఇటు పెట్టాడు.