బస్సు రాకపోవడంలోని ప్రజాహితం

సెలవురోజున చెన్నై సముద్రపుటొడ్డున నడుద్దామనుకునే తెలుగువారికి ముందే ఒక విన్నపం. ఎంత దూరం నడవాలో తేల్చేది మీరు కాదు. దానికి వేరే ఏర్పాటుంది. పండగపూట ఊరంతా మెరీనాకు బయల్దేరుతుందని అందరికీ తెలుసు. సరిగ్గా ఆ రోజే లోకల్ రైళ్లు ఆదివారం టైంటేబుల్ మీద నడుస్తాయి. అంటే మామూలు రోజుకంటే తక్కువన్నమాట. జనం పెరిగిన రోజున బండ్లు తగ్గించడమేమిటని సణిగేవాళ్లు షుగరు పరీక్ష చేయించుకుని చాలాకాలమై ఉంటుంది. కూర్చోబెట్టి తీసుకెళ్తే ఎవరికైనా షుగరు తగ్గుతుందా?

మెరీనా ఉత్తరపు చివర నేపియర్ వంతెన దగ్గర మొదలుపెట్టి, నీటి వెంబడే బీసెంట్ నగర్ దాకా పోవచ్చని కొత్తవాళ్లు అనుకుంటారు. పట్టినపాక్కం దాటి శ్రీనివాసపురం చివరికి వచ్చేసరికి అడయారు నది అడ్డొస్తుంది. అవతల విరిగిన వంతెన మొండిగా నిలబడి ఉంటుంది. 1967లో కట్టారు, 1977 వరదలకు కూలింది. పదేళ్లపాటు జనాన్ని సోమరుల్ని చేసిందని గ్రహించారు కాబోలు, మళ్లీ కట్టలేదు. ఇక వెనక్కి తిరిగి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డెక్కి, తిరు.వి.క. వంతెన దాటి, అడయారు చుట్టి రావాలి. అవతలి ఒడ్డు కళ్లెదుటే ఉంటుంది, కాళ్లకు మాత్రం అయిదారు కిలోమీటర్లు. దారిలో ఆంధ్ర మహిళా సభ బోర్డు కనిపిస్తుంది. రాజమండ్రి ఆడపడుచు పేరున్న రోడ్డుమీద చెమటోడ్చే భాగ్యం ఊరికే రాదు.

కాబట్టి తెలిసినవాళ్లు నడకను తిరగేస్తారు. బీసెంట్ నగర్‌కు రైలు లేదు. నడక అక్కడ ముగిస్తే, పదకొండు గంటల ఎండలో, నీడలేని స్టాపులో మీ గతి బస్సు చేతిలో ఉంటుంది. అదే తెల్లవారుజామున తొలి బస్సుకు అక్కడ దిగి, ఎలియట్స్ బీచిలో 1930 నాటి కార్ల్ ష్మిట్ స్మారకం దగ్గర చెప్పులు సంచిలో వేసుకుని, ఉత్తరం ముఖంగా నడిస్తే చివర రైలు స్టేషన్లుంటాయి. నడక ఎప్పుడూ పట్టాల దగ్గర ముగియాలి. లీటరు నీళ్ల సీసా, అయిదు పది రూపాయల చిల్లర, టోపీ. ఇంతకుమించి మోస్తే ఇసుక ఊరుకోదు.

ఇసుక సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మెరీనాలో రోడ్డు నుంచి నీటిదాకా దాదాపు మూడొందల మీటర్ల పొడి ఇసుక. ఒకప్పుడు ఇంత లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఉత్తరాన హార్బరు గోడలు లేచాక, దక్షిణం నుంచి కెరటాలతో కొట్టుకొచ్చే ఇసుక అక్కడ ఆగి పేరుకుంది. హార్బరుకు అవతల రాయపురం వైపు ఆ మేరకు ఒడ్డు కోసుకుపోయింది. ఒకరి విహారం, ఇంకొకరి ఇల్లు. పొడి ఇసుకలో మడమ దిగబడి, అడుగు సగం వెనక్కి జారుతుంది. గట్టినేల మీదకంటే రెండింతలకు పైగా శ్రమ. కెరటం ఇప్పుడే తడిపి వెళ్లిన పట్టీ పట్టుకుని నడవండి, అక్కడ ఇసుక బిగిసి ఉంటుంది. చక్రాల కుర్చీలవాళ్ల కోసం వివేకానంద ఇల్లం ఎదుట 2022 నవంబరులో చెక్కదారి వేశారు. డిసెంబరులో మాండస్ తుపాను వచ్చి దాన్ని విరిచేసింది. సౌకర్యం అతి అయితే ప్రకృతి కూడా సహించదు.

ఇక బస్సు. పెరంబూరు, బీసెంట్ నగర్ మధ్య తిరిగే 29సి కోసం అరగంట నిలబడితే వియ్యాలవారిలా మూడూ కలిసే వస్తాయి. కారణం కుట్ర కాదు. మొదటిది ట్రాఫిక్‌లో కాస్త ఆలస్యమైతే ప్రతి స్టాపులో జనం పోగవుతారు. ఎక్కించుకోవడానికి ఇంకాస్త ఆలస్యం. వెనకదానికి జనమే మిగలరు, అది పరుగెత్తుకొచ్చి కలుస్తుంది. అందుకే మొదటిదాని మెట్టు మీద వేలాడకండి. దాని వెనకే తోక కనిపిస్తే రెండోది ఎక్కండి, సీటుంటుంది. తోక కనిపించకపోతే వేలాడండి.

ఇక్కడే సంసారాల్లో చిక్కొస్తుంది. సాధారణ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదు. ముఖానికి గులాబీ రంగు పూసినవి అవే. ఖాళీగా డీలక్స్ వస్తే, "ఏవండీ, ఇది వదిలెయ్యండి, గులాబీది రానీ" అంటుంది ఆవిడ. "అది వచ్చేసరికి మళ్లీ పొంగల్ వస్తుందే" అంటాడాయన. ఈ తర్జనభర్జనలో డీలక్స్ వెళ్లిపోతుంది. ఇద్దరూ నడుస్తారు. పథకం ఆ విధంగా మగవాళ్లకూ వర్తిస్తోంది.

పొంగల్ పండగల్లో చివరిదైన కాణుం పొంగల్ నాడు మాత్రం సాయంత్రం మెరీనా వైపు వెళ్లకండి. నీళ్లలోకి దిగకుండా కర్రలు కట్టేస్తారు, తప్పిపోతే దొరకాలని పోలీసులు పిల్లల మణికట్టుకు ఫోన్ నంబరు పట్టీ కడతారు, జనం పెరిగితే బీచి పక్కనుండే కామరాజర్ సాలై రోడ్డులో బండ్లు దారి మళ్లిస్తారు. భర్తలకు పట్టీ కట్టే ఏర్పాటు ఇంకా రాలేదు.

మెరీనాలో దీపస్తంభం కనబడగానే లైట్‌హౌస్ స్టేషన్ వచ్చేసిందని సంబరపడకండి. అది సుమారు కిలోమీటరు లోపల, కాలువ పక్కన ఉంటుంది. రైల్వేవారి లెక్క వేరు. ఆ దీపం సముద్రంలో 28 నాటికల్ మైళ్ల దాకా కనిపిస్తుందట, ఆ కొలతలో స్టేషన్ పక్కనే ఉన్నట్టు. సుండల్ (గుగ్గిళ్ల) పొట్లం పూర్తయ్యేలోగా చేరుకుంటారు. మెట్లెక్కి పైకి వెళ్లాక అప్పుడే రైలు వెళ్లిపోయిందనుకోండి, ఆదివారం టైంటేబుల్ కదా, ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకు తీరిగ్గా తిరగండి. నీడ ఉంది, ఇసుక లేదు. ఒడ్డున నడిచినదానికంటే ఇక్కడే సుఖమని అనిపిస్తే ఇంట్లో మాత్రం చెప్పకండి, వచ్చే సెలవుకు చెప్పులరుగుతాయి.