కత్తి కన్నా ముందు కాగితం

మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్ర సమస్యను పరిశీలించడానికి ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ నేతృత్వంలో ఏర్పాటైన కమిషన్ 2017 ఆగస్టు 24న తన తుది నివేదికను విడుదల చేసింది. అక్కడి ముస్లిం మైనారిటీలైన రోహింగ్యాల రాకపోకలపై ఉన్న ఆంక్షలను ఎత్తివేయాలనీ, 1982 నాటి పౌరసత్వ చట్టాన్ని పునస్సమీక్షించాలనీ అందులో సూచించింది. మర్నాడు తెల్లవారేలోపే ఒక రోహింగ్యా సాయుధ ముఠా సుమారు 30 పోలీసు ఠాణాలపై దాడి చేసింది. దానికి బదులు తీర్చుకునే పేరుతో సైన్యం ఊళ్లకు ఊళ్లను తగలబెట్టింది. కొద్ది నెలల్లోనే 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు ప్రాణాలు అరచేత పట్టుకుని బంగ్లాదేశ్‌కు చేరుకున్నారు. అన్నన్ నివేదిక ఒక్కరోజు ఆలస్యమైందని ఎవరికైనా అనిపించవచ్చు. మా దృష్టిలో అది 35 ఏళ్లు ఆలస్యమైంది.

రోహింగ్యాల మీద కత్తి దూయడానికి చాలా ముందే వారి మీద కాగితాన్ని ప్రయోగించారు. 1823కు ముందు నుంచీ ఆ గడ్డపై స్థిరపడినట్టు గుర్తింపు పొందిన తెగలకే 1982 చట్టం సంపూర్ణ పౌరసత్వాన్ని కట్టబెట్టింది. ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో రోహింగ్యాల పేరు లేదు. ఆ తర్వాత 1995 నుంచి వారికి తాత్కాలికమంటూ తెల్లకార్డులనే గుర్తింపు పత్రాలు ఇచ్చి, 2015లో వాటినీ రద్దు చేశారు. ప్రజాస్వామ్యానికి పునర్జన్మ అంటూ అదే ఏడాది నవంబరులో ప్రపంచమంతా హర్షించిన ఎన్నికల్లో ఆ కార్డులవారికి ఓటు లేకుండా పోయింది. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి తోడ్పాటుతో 2014లో జరిగిన జనగణనలో, తాము రోహింగ్యాలమని చెప్పుకున్నవారిని లెక్కలోకే తీసుకోలేదు. ఉత్తర రఖైన్‌లో పెళ్లి చేసుకోవాలన్నా, ఊరు దాటి వెళ్లాలన్నా అధికారి అనుమతి కావాల్సి వచ్చేది. 2012 అల్లర్ల తర్వాత లక్ష మందికి పైగా రఖైన్ రాజధాని సిట్వే పరిసరాల్లోని శిబిరాల పాలయ్యారు. వీటిలో ఏదీ చాటుగా జరగలేదు. అన్నీ చట్టాలు, ప్రకటనలు, గణాంకాల రూపంలో ప్రపంచం కళ్లెదుటే సాగాయి. పేరు రాసుకోవడానికే ఒప్పుకోని రాజ్యం రేపు ప్రాణాలకు లెక్క చెబుతుందని ఎవరు ఎలా నమ్మారో అర్థం కాదు.

నమ్మడానికి కారణాలు మాత్రం ఉన్నాయి. సైనిక పాలన సడలుతోందని ఐరోపా దేశాలు 2013లోనూ, అమెరికా 2016లోనూ ఆంక్షలను చాలావరకు ఎత్తివేశాయి. కొత్త మార్కెట్ తలుపులు తెరుచుకుంటున్న వేళ, నోబెల్ శాంతి గ్రహీత ఆంగ్ సాన్ సూకీ అధికారంలోకి వస్తున్న వేళ, రఖైన్ గురించి గట్టిగా అడగడం ఎవరికీ రుచించలేదు. సమితి సంస్థల్లో కూడా, నోరు విప్పితే పని చేయనివ్వరన్న వాదమూ, నోరు విప్పడమే తమ పని అన్న వాదమూ ఢీకొన్నాయి. మయన్మార్‌లో తన పాత్రపై సమితి స్వయంగా జరిపించుకున్న సమీక్ష దీన్ని వ్యవస్థాగత వైఫల్యమని 2019లో తేల్చింది. తన తప్పును తానే రాసుకున్నందుకు మెచ్చుకోవచ్చు. అప్పటికే ఊళ్లు బూడిదయ్యాయి.

ఈ ఆలస్యానికి చట్టంలో లోటు ఉందని సాకు చెప్పే వీలు లేదు. 1948 నాటి జాతిహనన నిరోధ ఒప్పందం మొదటి అధికరణంలో శిక్షించడం కన్నా ముందు నివారించడాన్నే ప్రస్తావించింది. సమితి రక్షిత ప్రాంతంగా ప్రకటించిన స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో సుమారు 8 వేల మంది బోస్నియా ముస్లిం పురుషులను, బాలురను చంపేశారు. ఆ వ్యవహారంపై 2007లో ఇచ్చిన తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ బాధ్యతను మరింత స్పష్టం చేసింది. ముప్పు తీవ్రంగా ఉందని ఒక దేశానికి తెలిసిన క్షణం నుంచే, లేదా తెలిసి ఉండాల్సిన క్షణం నుంచే నివారణ బాధ్యత మొదలవుతుందని, హత్యాకాండ మొదలయ్యేదాకా వేచి ఉండనక్కర్లేదని చెప్పింది. ఆ బాధ్యతను గుర్తుచేయడానికి ముందుకొచ్చింది ఏ అగ్రరాజ్యమో కాదు, పశ్చిమాఫ్రికాలోని చిన్న దేశం గాంబియా. 2019 నవంబరులో అది మయన్మార్‌పై వ్యాజ్యం వేయగా, సూకీ స్వయంగా హేగ్‌లోని ఆ న్యాయస్థానానికి వెళ్లి తన దేశాన్ని సమర్థించుకున్నారు. 2020 జనవరి 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా మధ్యంతర ఉత్తర్వులిచ్చి రోహింగ్యాలను కాపాడాలని ఆదేశించారు. అయితే ఆ ఉత్తర్వులను అమలు చేయించాల్సిన భద్రతా మండలిలో వీటో ఉంది. మరుసటి ఏడాది సూకీనే కూలదోసి గద్దెనెక్కిన సైన్యం, పౌరులే కారన్న రోహింగ్యాలను 2024లో బలవంతంగా తన దళాల్లో చేర్చుకుని ముందు వరుసకు నెట్టింది.

గాంబియా సాహసాన్ని మెచ్చుకున్నంత మాత్రాన కథ అక్కడితో ఆగదు. చైనాలోని షింజియాంగ్‌లో ఉయ్గర్లు, ఇతర ముస్లింల నిర్బంధం మానవాళిపై నేరాల కిందికి రావచ్చని సమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న నివేదిక ఇచ్చింది. దానిపై చర్చ జరపాలా వద్దా అని మాత్రమే అక్టోబరులో మానవ హక్కుల మండలి ఓటు వేసింది. ఖండన కాదు, ఆంక్షలు కాదు, చర్చ. ఆ ప్రతిపాదన 17-19 తేడాతో వీగిపోయింది. వ్యతిరేకించిన వాటిలో పాకిస్థాన్, ఇండోనేసియా, ఖతార్ ఉన్నాయి. తటస్థంగా ఉండిపోయిన 11 దేశాల్లో భారత్ ఉంది, గాంబియా కూడా ఉంది. మతబంధుత్వం, ప్రజాస్వామ్య స్వభావం, గతంలో చూపిన ధైర్యం, వీటన్నిటి కన్నా అప్పు ఇచ్చేవాడి ముఖమే బరువు తూగిందని ఆ ఓటు చూస్తే అనిపిస్తుంది. ఇతరులకు హక్కుల పాఠాలు చెప్పే పాశ్చాత్య రాజధానులూ మిత్రుల నేరాల దగ్గరికి వచ్చేసరికి మాటలు మింగుతాయి. పీడితుల విలువను పీడకుడి బలాన్ని బట్టి నిర్ణయించే అలవాటు ఏ ఒక్క శిబిరానిదీ కాదు.

ఇంత నిరాశలోనూ కొన్ని తలుపులు తెరుచుకున్న మాట నిజం. 2014 ఆగస్టులో ఇరాక్‌లోని సింజార్‌పై ఐసిస్ ఉగ్రవాద మూకలు విరుచుకుపడి, యజీదీలనే మైనారిటీ మతస్థుల్లో వేల మంది స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్ముకున్నాయి. మండుటెండలో గొలుసులతో కట్టేయగా చనిపోయిన అయిదేళ్ల యజీదీ బాలిక కేసులో, తల్లి చెప్పిన సాక్ష్యం ఆధారంగా 2021 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ న్యాయస్థానం ఒక ఐసిస్ సభ్యుడిని జాతిహనన నేరంలో దోషిగా తేల్చి యావజ్జీవ శిక్ష విధించింది. యజీదీల విషయంలో ప్రపంచంలో ఎక్కడైనా అలాంటి తీర్పు రావడం అదే మొదటిసారి. నేరం ఎక్కడ జరిగినా విచారించే అధికారం తమకుందన్న ఈ సూత్రంతోనే అర్జెంటీనా న్యాయస్థానం 2025లో మయన్మార్ సైన్యాధిపతిపై అరెస్టు వారెంటు జారీ చేసింది. భద్రతా మండలి మూసిన దారిని జాతీయ న్యాయస్థానాలు కొంతైనా తెరవగలవు. అయితే ఇవన్నీ జరిగిపోయిన దానికి జవాబులే.

బతికి బయటపడినవారి సంగతి మరీ హీనం. 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయకపోయినా బంగ్లాదేశ్ 10 లక్షల మందికి పైగా రోహింగ్యాలను భరిస్తోంది. వారికి మనిషికి నెలకు 12 డాలర్లుగా ఉన్న ఆహార సాయాన్ని 2023లో విరాళాలు తగ్గాయంటూ 8 డాలర్లకు కుదించారు. తర్వాత పెంచినా, ప్రతి ఏడాదీ అదే బెదురు. సరిహద్దులు మూసుకున్న సంపన్న దేశాలు కనీసం ఈ ఖర్చును దానంగా కాక తమ వంతు బాధ్యతగా, ఏటేటా దేబిరించే పని లేకుండా లెక్కకట్టి చెల్లించాలి.

పౌరసత్వ చట్టం నుంచి ఒక జనసమూహాన్ని తొలగించినప్పుడు, గుర్తింపు కార్డులను మూకుమ్మడిగా రద్దు చేసినప్పుడు, జనగణనలో పేరు నమోదుకు నిరాకరించినప్పుడే అంతర్జాతీయ సమాజం కదలాలని మేము కోరుతున్నాం. ఆ దశలో సైన్యాలు అక్కర్లేదు. జనగణనకు నిధులిచ్చే సంస్థ నిధులు ఆపవచ్చు, వాణిజ్య రాయితీలిచ్చే దేశం షరతు పెట్టవచ్చు, ఆయుధాలమ్మే దేశం సరకు నిలిపివేయవచ్చు. 1982 చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది. తల్లి చంకన సరిహద్దు దాటిన పసివాళ్లు బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ శిబిరాల గుడిసెల్లో పెద్దవాళ్లవుతున్నారు. వారి తర్వాత ఆ శిబిరాల్లోనే పుట్టిన పిల్లలకు మయన్మార్ పౌరసత్వమూ లేదు, బంగ్లాదేశ్ పౌరసత్వమూ లేదు.