కట్టెల పొయ్యి కింద ఎర్ర బల్బు

విమానాశ్రయాల్లో వెలసిన 'స్థానిక' భోజనశాలల సేవలను మనం తగినంతగా గుర్తించడం లేదు. ఊరు చూడాలంటే పూర్వం ఊళ్లోకి వెళ్లాల్సి వచ్చేది. ఎండ, ట్రాఫిక్కు, ఊరివాళ్లు, ఎన్ని బాధలు! ఇప్పుడు ఆ మూడింటినీ తొలగించి, మిగిలిన ఊరిని గేటు పక్కన అమర్చిపెట్టారు.

మిగిలిన ఊరంటే ముఖ్యంగా ఒక కట్టెల పొయ్యి. నిజంగా మంట పెడితే అగ్నిమాపక దళం పరుగెత్తుకు వస్తుంది కాబట్టి దాని కింద ఎర్ర బల్బు వెలుగుతుంటుంది. నిలకడగా వెలిగితే సహజత్వం పోతుందని కాబోలు, మిణుకుమిణుకుమంటుంది. కట్టెలు ప్లాస్టిక్‌వి, మసి రంగుది. పైనున్న కుండను ఎవరూ ఎత్తుకుపోకుండా మేకులతో బిగించారు. ఒక పెద్దాయన దాని ముందు నిలబడి ఫోటో తీయించుకుంటాడు. ఏసీకి వణుకుతున్న పిల్లవాడు బల్బుకు చేతులు చాపి చలి కాచుకుంటాడు. సరిగ్గా అప్పుడే వెనక గదిలో మైక్రోవేవ్ 'టింగ్' మంటుంది. వంట అయిందని అర్థమై అందరూ భక్తిగా పక్కకు జరుగుతారు. సర్వర్ పళ్లెంతో వచ్చి, వెళుతూ వెళుతూ ఒక కట్టెను కాస్త లోపలికి తోస్తాడు. మంట పెంచాడో తగ్గించాడో తెలియదు. ఒకసారి ఆ బల్బు మాడిపోతే పొయ్యి చుట్టూ తాడు కట్టి, 'మరమ్మతులు జరుగుతున్నవి, అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని బోర్డు పెట్టారు. వంట మాత్రం యథావిధిగా సాగింది.

ఇక రుచి. ఎగిరే విమానంలో గాలి పొడిగా, పీడనం తక్కువగా ఉంటాయి కాబట్టి నాలుకకు ఉప్పూ తీపీ సరిగా తెలియవంటారు శాస్త్రజ్ఞులు. అదే ఫలితాన్ని నేల మీద, ఏ యంత్రమూ లేకుండా సాధించినవారికి సన్మానం జరగాలి.

బిల్లు చూసి గొణిగేవారికి వ్యాపారం తెలియదు. అమ్మకాల్లో వాటా విమానాశ్రయానికి అద్దెగా కట్టాలి కదా, అది మన పళ్లెంలోంచి కాక ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికాలోని పోర్ట్‌లాండ్ విమానాశ్రయం మాత్రం, ఊళ్లో ఎంతకు అమ్ముతారో లోపలా అంతకే అమ్మాలని దుకాణాలకు ఎప్పటినుంచో షరతు పెట్టింది. అక్కడ విమానాలు ఎగరడం మానలేదు. పాపం, మిగతావారిలో చాలామంది దృష్టికి ఇంకా వచ్చినట్టు లేదు.

నీళ్ల సంగతి వేరు. 2006లో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు కూల్చే కుట్ర బ్రిటన్‌లో బయటపడ్డాక, 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను చాలాచోట్ల తనిఖీ దాటనివ్వడం లేదు. భద్రతను కాదనను. అవతలి అలమారలో అలాంటి సీసాయే మళ్లీ కనిపించేసరికి దాని ప్రమాదమంతా ధరలోకి దిగిపోయి ఉంటుంది.

ఇవన్నీ నవ్వి ఊరుకోవచ్చు, ప్రయాణికుడికి ఒక పూట బాధే. కానీ అక్కడ నిజంగా ఆ ఊరివాళ్లెవరు? చీకటితో బస్సెక్కి వచ్చి, మనలాగే తనిఖీ దాటి, ఆ ఉత్తుత్తి పొయ్యి మీద దుమ్ము తుడిచే అమ్మాయి. మరుగుదొడ్లు కడిగే మనిషి. సామాన్లు మోసే మనిషి. వీళ్లలో ఒక్కరైనా ఆ బల్లల దగ్గర కూర్చుని తినగా చూశారా? సర్వీసు తలుపు వెనక, మెట్ల కింద, నిలబడి ఇంటి డబ్బా విప్పుకుంటారు. ఊరి రుచి ఉన్నది అందులో! దాన్ని మెట్ల కిందికి తరిమి, వాళ్ల అమ్మమ్మ పొయ్యిని బొమ్మ చేసి, ఆ బొమ్మ చూపించి డబ్బు గుంజడానికి సిగ్గుండాలి. పనిచేసేవారికి ఒక పూట తిండి పెట్టలేనివారు గోడ మీద 'ఆతిథ్యం' అని రాసుకోవడానికి ఇంకా సిగ్గుండాలి.

మొన్న ఆ అమ్మాయినే అడిగాను, ఇక్కడ ఏది బాగుంటుందమ్మా అని. మేనేజరు చూడటం లేదని నిర్ధారించుకుని నెమ్మదిగా చెప్పింది: "బయటే తినేసి రావాల్సింది సార్."