అటూ ఇటూగా చచ్చిపోయినవాళ్ళు

ఇరాకీల మీద నాకు మొదట్నుంచీ ఒకటే ఫిర్యాదు. వాళ్ళకి పద్ధతిగా చావడం రాదు. పోయేముందు ఒక దరఖాస్తు పెట్టరు, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు అంటించరు, గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేయించరు. 2003 మార్చిలో అమెరికావాళ్ళు అంత ఖర్చు పెట్టుకుని, అంత దూరం వెళ్ళి, అక్కడ లేని ఆయుధాల కోసం ఎండలో పడి వెతికారు కదా, ఆ మాత్రం సహకారం ఉండొద్దూ? చివరికి ఎంతమంది పోయారన్న ఒక్క ప్రశ్న మీద పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు ఏళ్ళ తరబడి జుట్లు పట్టుకోవాల్సి వచ్చింది.

నిజానికి ఈ తలనొప్పికి మందు ముందే ఉంది. అఫ్గానిస్తాన్ యుద్ధమప్పుడే అమెరికా సేనల్ని నడిపిన జనరల్ టామీ ఫ్రాంక్స్ గారు, మేం శవాల లెక్కలు పెట్టుకోం అని తేల్చి చెప్పేశారు. ఎంత తెలివైన మాటో చూడండి. పరీక్షే రాయనివాణ్ణి ఫెయిల్ చేసే మొనగాడు ఎవరు?

కానీ లోకంలో పనిలేనివాళ్ళు ఉంటారు. జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ళూ, ఇరాకీ డాక్టర్లూ కలిసి ఇళ్ళిళ్ళూ తిరిగారు. యుద్ధం వల్ల అదనంగా పోయినవాళ్ళు సుమారు 98,000 అని 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. రాసి ఊరుకోకుండా, నిజాయితీ మరీ ఎక్కువై, ఇది 8,000 నుంచి 1,94,000 దాకా ఎంతైనా ఉండొచ్చు అని కూడా ఒప్పుకున్నారు. అంతే, దొరికిపోయారు. ఇదీ ఒక లెక్కేనా, చీకట్లో రాయి విసరడం కాదా అని అందరూ నవ్వారు. ఫలూజాలో చావులు మిగతా చోట్లకన్నా మరీ ఎక్కువగా కనబడితే, లెక్క పెంచామన్న మాట రాకూడదని ఆ ఊరిని పక్కన పెట్టి మరీ ఈ అంకె వేశారు పాపం. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

ఆ తర్వాతి ఏడాది డిసెంబర్లో అధ్యక్షుడు బుష్ గారిని ఎవరో ఇదే ప్రశ్న అడిగారు. ఆయన తడుముకోకుండా 30,000, అటూ ఇటూగా, అన్నారు. దీన్ని మాత్రం ఎవరూ చీకట్లో రాయి అనలేదు. 'అటూ' ఎంత, 'ఇటూ' ఎంత అని అడిగిన పాపాన పోలేదు. ఎన్ని ఇళ్ళకి వెళ్ళారండీ, ఏ పద్ధతి వాడారండీ అన్న ప్రశ్నే లేదు. పత్రికల్లో వచ్చిన అంచనాలే చెప్పారని ఆయన మనుషులు తర్వాత సర్దిచెప్పారు. చూశారా, లెక్క అంటే అలా ఉండాలి, ఉప్పు తగినంత అన్నట్టు.

2006లో ఆ లాన్సెట్ వాళ్ళు మళ్ళీ వచ్చారు, బుద్ధి రాలేదు. ఈసారి 47 చోట్ల 1,849 ఇళ్ళు తిరిగి, 6,54,965 మంది అదనంగా పోయారన్నారు. బుష్ గారు వెంటనే, అది నమ్మదగ్గది కాదు, వాళ్ళేదో ఊహించుకున్న అంకె అని కొట్టిపారేశారు. అదే ప్రెస్‌మీట్‌లో, స్వేచ్ఛ కోసం ఇంత హింసని ఓర్చుకుంటున్న ఆ సమాజాన్ని చూస్తే ఆశ్చర్యమేస్తోందన్న అర్థం వచ్చే మాట కూడా అన్నారు. నాకూ ఆశ్చర్యమే. ఓర్పులో వాళ్ళని మించినవాళ్ళు లేరు, బాంబు పడినా కదలకుండా అలాగే పడి ఉంటారు.

1,849 ఇళ్ళు తిరిగి దేశం లెక్క చెబుతారా అని మనవాళ్ళకీ అనిపించొచ్చు. అన్నం ఉడికిందో లేదో మనం కుండంతా పిసికి చూస్తామా, ఒక్క మెతుకు పట్టుకుంటాం. ఎలక్షన్ల రోజు సాయంత్రం ఎగ్జిట్ పోల్ రాగానే, అది మన పార్టీకి అనుకూలంగా ఉంటే, స్వీట్లు పంచేస్తాం. అంతెందుకు, ఇదే రకం సర్వేతో కాంగోలో లక్షల మంది పోయారని తేలితే పాశ్చాత్య దేశాల్లో ఎవరికీ పద్ధతి మీద అనుమానం రాలేదు. కాంగోలో బాంబులు వేసింది తాము కాదు కాబట్టి అక్కడ గణితం సరిగ్గా పనిచేసిందన్నమాట.

బ్రిటన్‌లో ఇంకో ముచ్చట. ప్రభుత్వం పైకి ఆ అంకెని కాదంటూ ఉంటే, రక్షణ శాఖ ముఖ్య శాస్త్ర సలహాదారు మాత్రం లోపల్లోపల, ఆ సర్వే పద్ధతి గట్టిదే, జాగ్రత్తగా మాట్లాడండి అని నోట్ రాసిచ్చారు. ఆ నోట్ 2007లో బయటపడింది. శాస్త్రజ్ఞుణ్ణి జీతమిచ్చి పెట్టుకునేది ఇలాంటివి బయటికి పొక్కకుండా రాస్తాడనే కదా, ఏం లాభం.

సరే, ఆ సర్వేలో లోపాలు లేవా? ఉన్నాయనే తోటి లెక్కలవాళ్ళు గట్టిగా అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇరాక్ ప్రభుత్వం కలిసి ఇంకా పెద్ద సర్వే చేసి, అదే కాలానికి హింస వల్ల పోయినవాళ్ళు 1,51,000 అన్నాయి. పత్రికల వార్తల్ని పోగేసే ఇరాక్ బాడీ కౌంట్ అంకె అంతకన్నా బాగా తక్కువ. మనమూ కరోనా రోజుల్లో సాయంత్రం బులెటిన్‌కీ, శ్మశానం దగ్గర క్యూకీ పొంతన కుదరక తల గోక్కున్నవాళ్ళమే, కాబట్టి తేడాలు వస్తాయని తెలుసు. కానీ తమాషా ఏమిటంటే, ఈ తక్కువ అంకె చేతికి రాగానే చాలామంది హమ్మయ్య అనుకున్నారు. లక్షన్నర మందే! ఇంత చిన్నదానికా అంత గొడవ చేశారు?

2009లో, 2006 లాన్సెట్ సర్వే నడిపిన పరిశోధకుడి మీద ఆయన యూనివర్సిటీ చర్య కూడా తీసుకుంది. తప్పేమిటంటే, సర్వే ఫారాల్లో పేర్లు రాసుకోకూడదన్న నిబంధన దాటారట. నిబంధన మంచిదే, ఎవరి ప్రాణం మీదికైనా వస్తుంది. కానీ ఇన్ని అంకెల మధ్య ఎవరో మనుషుల పేర్లు రాశారంటే, అదే నేరమై కూర్చుంది.

పేర్లంటే గుర్తొచ్చింది. 2004 ఏప్రిల్ 30న టెడ్ కోపెల్ అనే టీవీ ఆయన, చనిపోయిన అమెరికా సైనికుల పేర్లు, 721, ఒక్కొక్కటీ చదివాడు. వ్యాఖ్యానం లేదు, పేరూ ఫొటో అంతే. సింక్లెయిర్ అనే కంపెనీ తన స్టేషన్లలో ఆ కార్యక్రమం వెయ్యనంది, ఇది రాజకీయం అని. సొంత పిల్లల పేర్లు పైకి చదవడమే రాజకీయమైన చోట బాగ్దాద్‌వాళ్ళ పేర్ల సంగతి ఎవడిక్కావాలి.

ఇక నా సూచనకి వస్తాను. ఆ 2006 సర్వేవాళ్ళు గుమ్మంలో నిలబడి, ఇంట్లో ఎవరైనా పోయారా, ఎలా పోయారు, మరణ ధ్రువపత్రం ఉందా అని అడిగేవారు. ఆ ఇంట్లోవాళ్ళు లోపలికెళ్ళి, ఎక్కడో జాగ్రత్తగా దాచుకున్న కాయితం తెచ్చి చూపించేవారు. కరెంటుకీ నీళ్ళకీ దిక్కులేని ఊళ్ళో, ఆ ఒక్క కాయితం మాత్రం పోకుండా పెట్టుకున్నారు. 545 చావులకి అడిగితే 501 చావులకి కాయితం ఉంది.

అంటే ఇంకా 44 తక్కువ. ఆ 44 మంది తాలూకు వాళ్ళు ఒరిజినల్, రెండు జిరాక్స్ కాపీలు పట్టుకుని సోమవారం రావాలి. అప్పటిదాకా మాత్రం వాళ్ళు చచ్చిపోయినట్టు నేను ఒప్పుకోను.