హోమ్‌వరల్డ్ కంటే ముందే

కంప్యూటర్లో ఆడే త్రీడీ వ్యూహ క్రీడలన్నీ 1999లో హోమ్‌వరల్డ్‌తోనే పుట్టినట్టు మీ వ్యాసంలో రాశారు. 1997లో వచ్చిన టోటల్ అనైహిలేషన్ ఆట మాటేమిటి? అందులో నేల ముందే గీసిపెట్టిన బొమ్మే, ఒప్పుకుంటాను. కానీ ఆ బొమ్మ వెనుక ఎత్తుపల్లాల లెక్క ఉంది, ట్యాంకులూ విమానాలూ పూర్తి త్రీడీ. అది ఉత్త అలంకారం కాదు. పేల్చిన గుండు నిజంగానే గాలిలో ప్రయాణిస్తుంది. మధ్యలో గుట్ట అడ్డొస్తే దానికే తగిలి పేలుతుంది. కొండ వెనుక ఫిరంగులు పెట్టి, ఒక్క గుండూ శత్రువు దాకా చేరక తల పట్టుకున్న రాత్రులు నాకింకా గుర్తే.

కూలిన యంత్రాల శిథిలాలు అక్కడే పడి ఉంటాయి. వాటిని కరిగించి లోహం రాబట్టుకోవచ్చు. అంటే దాడికి వెళ్లి ఓడితే మన ట్యాంకులతోనే శత్రువు ధనవంతుడవుతాడు! ఇక మన సేనకు నాయకుడైన కమాండర్ చనిపోతే జరిగే పేలుడు పక్కనున్న స్వపక్షాన్నీ వదలదు. ఆవేశపడి అతణ్ని ముందుకు పంపి నేను పోగొట్టుకున్న ఆటలకు లెక్కే లేదు.

ఈ ఆటకు జెరెమీ సోల్ సమకూర్చిన ఆర్కెస్ట్రా సంగీతం గురించి కూడా ఒక్క ముక్క రాసి ఉండాల్సింది.