సోర్సు మురికి కాదండీ, గోడలో ఎర్తు వైరే లేదు

అమలాపురం, రాజోలు, భీమవరం వైపు పాటలంటే ఇష్టమున్నవాళ్ళ ఫోన్లలో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: ఫోను, ల్యాప్‌టాప్ నుంచి వచ్చే డిజిటల్ సిగ్నల్ మురికిది. హెడ్‌ఫోన్‌కి పెట్టినంత డబ్బూ సోర్సుకి, అంటే పాట బయల్దేరే పరికరానికి, పెట్టాలి. యూఎస్‌బీ తీగ ఖరీదైనదే ఉండాలి. 192 కిలోహెర్ట్జ్ ఫైళ్ళు తప్ప మిగతావి దండగ. ఇది నమ్మి మా వీధి కుర్రాడొకడు మంచి హెడ్‌ఫోన్ కొనడం మానేసి స్ట్రీమరు కోసం, అంటే నెట్‌లోంచి పాటలు తెచ్చి అందించే పెట్టె కోసం, డబ్బు కూడబెడుతున్నాడు. నాకు బాధేసింది.

తీగ సంగతి త్వరగా తేలిపోతుంది. అందులో వెళ్ళేవి అంకెలు. అంకె చెడితే టిక్కుమంటుంది, లేదా పాట తెగుతుంది. అంతే తప్ప గొంతులో తీపి కాస్త తగ్గడం, వీణ పలచబడడం జరగవు. మరి ఆ అంకెలు వచ్చే టైమింగ్ అంటారా? అంకెల్ని ధ్వని సిగ్నల్‌గా మార్చే పెట్టెని డాక్ అంటారు. ఇప్పటి యూఎస్‌బీ డాక్‌లు చాలావరకు అసింక్రనస్ పద్ధతివి. గడియారం డాక్‌లోనే ఉంటుంది, డేటా ఎంత వేగంగా రావాలో అదే ఫోనుకి చెబుతుంది. ధవళేశ్వరం పైన గోదారి ఎంత ఉరికినా, కాలవలోకి లాకు వదిలినంత నీరే వస్తుంది కదా.

192 కిలోహెర్ట్జ్ మాట చూద్దాం. ధ్వనిని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలిచి రాశారో ఆ లెక్క అది. 1982లో వచ్చిన సీడీ లెక్క 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు. దాంతో అందులో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వని పట్టొచ్చు. మనిషి చెవికి 20 దాటితే వినపడదు, నడివయసుకి అదీ తగ్గుతుంది. 16 బిట్లకి, బాగా మెల్లని శబ్దం నుంచి బాగా పెద్ద శబ్దం దాకా 96 డెసిబెల్స్ మేర దొరుకుతుంది. పాత టేపు రికార్డింగుల్లో టేపు గరగర పోను మిగిలేది అంతకంటే బాగా తక్కువ. మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి పాత కచేరీలను 192లోకి మార్చి అమ్మితే, కొత్తగా వచ్చేది ఫైలు బరువే. మంచి టేపు నుంచి శ్రద్ధగా ఎక్కించారా లేదా అన్నదే అక్కడ ముఖ్యం.

"మురికి" అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది. కాకపోతే ఆ మురికి అంకెల్లో ఉండదు, కరెంటులో ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌కి ఛార్జరు పెడితే చాలు, హెడ్‌ఫోన్లో బుయ్యిమని మోత. తీస్తే నిశ్శబ్దం. నేనూ డాక్ మీదే అనుమానపడ్డాను. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు విప్పి చూస్తే ఎర్తుకి ఉండే మూడో కన్నానికి వైరే లేదు! మన ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో. ఛార్జరు నుంచి లీకయ్యే కాస్త కరెంటు, నేలలోకి పోయే దారి లేక, యాంప్లిఫయరు వైపు తిరుగుతుంది. డెల్టా నేల తడినేల, ఇక్కడ మంచి ఎర్తు దొరకడం కష్టం కాదు. గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, రాడ్డు దింపి, వైరు బిగిస్తే సరి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి ఆ బిగింపు తుప్పు పడుతుంది, ఏడాదికోసారి చూసుకోండి. నాకు వైరు కలిపిన రోజే మోత పోయింది. అద్దె ఇల్లయి గోడ తవ్వలేకపోతే, ఫోన్ని ఛార్జింగ్‌లో పెట్టకుండా వాడండి. లేదా ఆప్టికల్ తీగ వాడండి, అందులో వెళ్ళేది వెలుతురు కాబట్టి కరెంటు దాటదు.

నిజంగా సోర్సు వల్ల నష్టం ఉండే చోటు బ్లూటూత్. బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే మామూలు పద్ధతి ఎస్‌బీసీ. అందులో సెకనుకి 328 కిలోబిట్లకి మించి సాధారణంగా వెళ్ళవు, సీడీకి 1411. ఆ తేడా వినపడుతుందా అన్నది పాటని బట్టి. ఇంట్లో కుర్చీలో కూర్చుని వినేవాళ్ళు తీగే పెట్టుకోవడం మేలు.

డబ్బు మొదట హెడ్‌ఫోన్‌కి పెట్టండి, ధ్వని తీరు ఎక్కువగా మారేది అక్కడే. తర్వాత దాన్ని మోగించడానికి చాలినంత యాంప్లిఫయరు బలం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌లవాటికి ఎక్కువ వోల్టేజి కావాలి, 32 ఓమ్‌లవి చాలావరకు ఫోనుకి తగిలించే చిన్న డాంగిల్‌తోనే హాయిగా పలుకుతాయి.

మా కుర్రాణ్ణి ఆదివారం రమ్మన్నాను. స్ట్రీమరొకటి అడిగి తెచ్చి, ఫోనూ అదీ ఒకే డాక్‌కి కలిపి, వాల్యూమ్ సమానం చేసి, ఏది మోగుతోందో అతనికి కనపడకుండా 16 సార్లు మారుస్తాను. ఊరికే ఊహించి 12 సార్లు సరిగ్గా చెప్పే అవకాశం నూటికి 4 కూడా లేదు. అతను 12 సార్లు సరిగ్గా చెబితే, స్ట్రీమరే కొనమని నేనే చెబుతాను.